ముక్కు మునిగింది, ముక్కు లేచింది

ఆరోసారి వదిలినప్పుడు నేను కట్టిన రాకెట్ రిమోట్ పడవ కళ్ల ముందే నీళ్లలోకి దూరింది. బోల్తా పడలేదు, పక్కకి తిరగలేదు. తిన్నగా, బాతు తల ముంచినట్టు ముక్కు దించి లోపలికి వెళ్లిపోయింది. ఒక సెకను సేపు నీటి అడుగున తెల్లటి బుడగల చార ముందుకి పరిగెత్తడం కనిపించింది. అంటే లోపల కూడా రాకెట్ పనిచేస్తూనే ఉంది. పది అడుగుల అవతల పడవ బుడుంగున పైకి తేలింది, హాచ్ మూత ఊడిపోయి, రిమోట్ సంకేతాలు అందుకునే రిసీవర్ నీళ్లు కారుతూ. "నాన్నా, ఇది సబ్‌మెరైనా?" అని మా అమ్మాయి అడిగింది. తను ఒడ్డున ఫోనుతో వీడియో తీస్తోంది. ఆ వీడియోని ఆ రాత్రి ఒక్కో ఫ్రేమూ ఆపి ఆపి ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. ఈ పోస్టు రాయడానికి కారణం ఆ వీడియోనే.

రిమోట్ పడవలు కట్టడం నాకు చాలా ఏళ్లుగా ఉన్న పని. మోటారు, ప్రొపెల్లర్, చుక్కాని, ఈ మూడింటితో ఎంత చెయ్యొచ్చో అంతా చేశాక రాకెట్ మీదికి మనసు పోయింది. నీటిని పట్టుకోకుండా పడవని నడపడం ఎలా ఉంటుందన్నదే నన్ను లాగిన ప్రశ్న. ప్రొపెల్లర్‌కి నీళ్లు కావాలి, గడ్డి చుట్టుకుంటే ఆగిపోతుంది, గాలి పీలిస్తే జారిపోతుంది. రాకెట్‌కి బయటిదేదీ అక్కర్లేదు. తనలో ఉన్నదాన్ని వెనక్కి విసురుతుంది, తను ముందుకి పోతుంది.

ముందు అందరిలాగే మందు మోటార్ల వైపు, అంటే మందుగుండుతో కాలేవాటి వైపు వెళ్లాను. మోడల్ రాకెట్లలో వాడే, ఫ్యాక్టరీలో తయారై వచ్చే చిన్న అట్ట గొట్టాలు. వాటి మీద సి6-5 లాంటి గుర్తు ఉంటుంది. అక్షరం మొత్తం ప్రచోదనాన్ని చెబుతుంది, అంటే బలాన్ని అది పనిచేసిన సమయంతో గుణిస్తే వచ్చేది. ఎ అంటే 2.5 న్యూటన్ సెకన్ల లోపు, బి అంటే 5 లోపు, సి అంటే 10 లోపు, డి అంటే 20 లోపు. అక్షరం మారినప్పుడల్లా రెట్టింపు. మధ్యలో ఉన్న అంకె సగటు థ్రస్ట్, అంటే తోసే బలం, న్యూటన్లలో. చివరి అంకె మందు కాలిపోయాక ఎన్ని సెకన్లకి పారాచూట్‌ని బయటికి తోసే చిన్న పేలుడు జరుగుతుందో చెబుతుంది.

ఆ చివరి అంకెని నేను తేలిగ్గా తీసుకున్నాను. పడవకి పారాచూట్ లేదు కదా, దాంతో మనకేం పని అనుకున్నాను. హల్‌ని, అంటే పడవ డొల్లని, బల్లకి బిగించి, వంటింటి త్రాసులోంచి తీసిన, బలాన్ని కొలిచే లోడ్ సెల్‌కి ఆనించి, ఒక మోటారు పరీక్షించాను. గ్రాఫ్ బాగా వచ్చింది. మొదటి 0.2 సెకన్లలో థ్రస్ట్ 14 న్యూటన్ల దాకా ఎగిసి, తర్వాత నాలుగైదు న్యూటన్ల దగ్గర నిలబడి, రెండు సెకన్లు నిండకుండానే ఆరిపోయింది. సన్నటి పొగ వస్తోంది. అయిపోయిందనుకుని లేచి మూడు అడుగులు వేశాను. అప్పుడు పేలింది. ఆ పేలుడు వెనక్కి కాదు, ముందుకి వస్తుంది, అంటే పడవ కడుపులోకి. హాచ్ మూత నా భుజం పక్కనుంచి ఎగిరిపోయింది. రిసీవర్ వైర్ల మీది ప్లాస్టిక్ కరిగి ఒకదానికొకటి అంటుకుంది. ఆ వైర్ల ముద్దని ఇప్పటికీ పనిబల్ల మీద మేకుకి తగిలించి ఉంచాను. మోటారు ఆరినట్టు కనిపించినంత మాత్రాన దగ్గరికి వెళ్లకూడదని అది నాకు రోజూ గుర్తుచేస్తుంది.

ఆ తర్వాత మోడల్ రాకెట్ల భద్రతా నియమావళిని మొదటి నుంచి చివరి దాకా చదివాను. ముందే చదవాల్సింది. నిట్టనిలువు నుంచి 30 డిగ్రీలకి మించి వంచి పేల్చకూడదని అందులో స్పష్టంగా ఉంది. పడవలో మోటారు 90 డిగ్రీలు వంగి, మనుషులు నిలబడే ఎత్తులోనే అడ్డంగా ఉంటుంది. పైగా ఒకసారి వెలిగించాక ఆపడానికి లేదు. రేడియో సిగ్నల్ పోయినా, పడవ ఒడ్డు వైపు తిరిగినా, కాలాల్సిందంతా కాలాల్సిందే. చేతిలో రిమోట్ ఉండి కూడా ఆపలేనిదాన్ని నీళ్ల మీద వదలడం నాకు నచ్చలేదు. ఆ దారి అక్కడితో వదిలేశాను.

వదిలేశాక లెక్క చూసుకుంటే ఇంకో సంగతి తేలింది. ఆ మందు వాయువులు సెకనుకి దాదాపు 800 మీటర్ల వేగంతో బయటికి వస్తాయి. పడవ సెకనుకి 10 మీటర్ల వేగంతో పోతోందనుకుందాం. విసిరే వేగానికీ కదిలే వేగానికీ ఇంత తేడా ఉంటే శక్తి దాదాపు మొత్తం పొగతోనే పోతుంది. పడవకి అందేది నూటికి రెండున్నర పాళ్లు. ఆకాశంలోకి దూసుకుపోయే రాకెట్‌కి ఆ వేగం వరం. పడవకి అది వృథా. పడవకి కావలసింది బరువైనదాన్ని నెమ్మదిగా విసరడం. బరువైనది చుట్టూ ఎంత కావాలంటే అంత ఉంది.

అలా నీటి రాకెట్‌కి వచ్చాను. రెండు లీటర్ల కూల్‌డ్రింక్ బాటిల్, అందులో 700 మిల్లీలీటర్ల నీళ్లు, మిగతాది సైకిల్ పంపుతో కొట్టిన గాలి. గేజి మీద ఒత్తిడి 4 బార్. ఆ ఒత్తిడికి నీళ్లు సెకనుకి 28 మీటర్ల వేగంతో బయటికి దూకుతాయి. నీళ్లు చిమ్మే మూతి, అంటే నాజిల్, దాని రంధ్రం 5 మిల్లీమీటర్లు పెడితే మొదటి క్షణంలో 15 న్యూటన్ల పైచిలుకు థ్రస్ట్. గాలి వ్యాకోచించే కొద్దీ ఒత్తిడి తగ్గి, నీళ్లు అయిపోయేసరికి అది సగం కంటే కిందికి దిగుతుంది. మొత్తం ఒకటిన్నర సెకను. అన్నీ కలిపి చూస్తే ప్రచోదనం దాదాపు 16 న్యూటన్ సెకన్లు. ఆ అంకెని మొదటిసారి కాగితం మీద చూసినప్పుడు తప్పు చేశాననుకుని మళ్లీ వేశాను. అదే వచ్చింది. నిప్పు లేదు, పొగ లేదు, డి తరగతి మందు మోటారుకి దీటైన ప్రచోదనం. వేగాలు దగ్గర దగ్గరగా ఉన్నాయి కాబట్టి సెకనుకి 10 మీటర్ల దగ్గర శక్తిలో సగం కంటే ఎక్కువే పడవకి అందుతుంది.

బాటిల్ విషయంలో నేను తప్పకుండా పాటించేవి చెబుతాను, ఎందుకంటే నిప్పు లేదు కదా అని దీన్ని బొమ్మలా చూడకూడదు. ఇలాంటి బాటిళ్లు ఇంతకంటే ఎక్కువ ఒత్తిడికి తట్టుకుంటాయి, అయినా నేను 4 బార్ దాటను. కొత్త బాటిల్‌ని ముందు అంచు దాకా నీళ్లతో నింపి, గాలి అసలు లేకుండా, 6 బార్ దాకా ఒత్తిడి పెట్టి చూస్తాను. నీళ్లు నొక్కుకుపోవు కాబట్టి బాటిల్ చిట్లినా నీళ్లు కారతాయి తప్ప ముక్కలు ఎగరవు. గీత పడ్డ బాటిల్, మడత పడ్డ బాటిల్, ఎండలో ఉన్న బాటిల్, ఏదైనా సరే చెత్తబుట్టలోకే. పీవీసీ పైపుని గాలి నింపే ట్యాంకులా వాడను, అది పగిలితే పెంకుల్లా ఎగురుతుంది. పంపుకి పొడవాటి గొట్టం తగిలించి దూరం నుంచే కొడతాను.

ఇక అడ్డంగా పడుకోబెట్టిన బాటిల్‌తో వచ్చే తంటా వేరు. నీటి రాకెట్ నిలువుగా ఉంటే నీళ్లు మూతి దగ్గరే ఉంటాయి. పడుకోబెడితే మూతి సరిగ్గా నడుమ ఎత్తులో ఉంటుంది. నా బాటిల్‌లో నీళ్లు సగం కంటే తక్కువ, కాబట్టి మూతి గాలిలోనే ఉంది. మొదటిసారి వాల్వ్ తెరిస్తే బుస్సుమని గాలంతా పోయింది, నీళ్లు అలాగే ఉండిపోయాయి. పడవ రెండు అడుగులు జరిగింది. మూతిలోంచి లోపలికి ఒక సన్నటి రాగి గొట్టం దూర్చి, దాని చివరని కిందికి వంచి బాటిల్ అడుగుకి తాకించాను. ఆ గొట్టం లోపలి వెడల్పు నాజిల్ కంటే బాగా పెద్దదిగా ఉండాలి, లేకపోతే ఒత్తిడంతా గొట్టంలోనే అరిగిపోతుంది. పడవ ముందుకి దూకినప్పుడు నీళ్లు వెనక్కి ఎగబడతాయి కాబట్టి గొట్టం వంపుని వెనక వైపే ఉంచాను. లెక్క ప్రకారం ఆ క్షణంలో బాటిల్‌లోని నీటిమట్టం పాతిక డిగ్రీల పైన వాలుతుంది.

వాల్వ్ కోసం పావు అంగుళం బాల్ వాల్వ్ తీసుకుని, దాని పిడి కోసేసి, రిమోట్ చెప్పినంత మేర తిరిగే చిన్న మోటారు, అంటే సర్వో, దాని చేతికి కలిపాను. పావు వంతు తిప్పితే తెరుచుకుంటుంది, మళ్లీ తిప్పితే మూసుకుంటుంది. ఒత్తిడిలో ఆ బంతి మొండిగా బిగుసుకుంటుంది. మామూలు సర్వో మూలిగి ఆగిపోయింది, 20 కేజీ సెంటీమీటర్ల టార్క్, అంటే తిప్పే బలం, ఉన్నది పెట్టాక కదిలింది. రిసీవర్‌లో ఫెయిల్‌సేఫ్‌ని వాల్వ్ మూసేలా పెట్టాను. సిగ్నల్ పోతే రాకెట్ ఆగుతుంది. 2.4 గిగాహెర్ట్జ్ సంకేతాలు నీళ్లలోకి దాదాపు వెళ్లవు, అందుకే యాంటెన్నాని డెక్ మీద నిలువుగా గొట్టంలో నిలబెట్టాను. నిప్పుతో కుదరనిది ఇక్కడ కుదిరింది. మధ్యలో ఆపొచ్చు, మళ్లీ తెరవొచ్చు.

అన్నీ అమరాక వదిలితే పైన చెప్పినట్టు ముక్కు మునిగింది.

వీడియోలో ఒక్కో ఫ్రేమూ చూస్తే పడవ వెనక భాగం ముందు లేస్తోంది, ఆ తర్వాతే ముక్కు దిగుతోంది. మొదట నేను బ్యాటరీ ముందుకి జరిగిందేమోనని చూశాను. జరగలేదు. అప్పుడు పడవ గరిమనాభి, అంటే దాని బరువంతా ఒక్కచోటే ఉన్నట్టు లెక్కించే బిందువు, ఎంత ఎత్తులో ఉందో కొలిచాను. పొడవునా ఎక్కడుందో అందరం చూస్తాం, హల్ కింద రెండు వేళ్లు పెట్టి నిలబెడితే తెలిసిపోతుంది. ఎత్తు ఎవరూ చూడరు. పడవని ముక్కు దగ్గర దారం కట్టి మేకుకి వేలాడదీసి, అదే మేకు నుంచి తూకపు దారం వదిలి ఫోటో తీశాను. తర్వాత వెనక అంచు దగ్గర కట్టి మళ్లీ తీశాను. రెండు ఫోటోల్లోని దారపు గీతలూ ఒకే బొమ్మ మీద గీస్తే అవి కలిసే చోటే గరిమనాభి. అడుగు నుంచి 6 సెంటీమీటర్లు. నాజిల్ ఉన్నది 12 సెంటీమీటర్ల ఎత్తులో, ఎందుకంటే బాటిల్‌ని డెక్ మీద కట్టాను.

ఇక లెక్క దానంతటదే వచ్చింది. 15 న్యూటన్ల బలం గరిమనాభికి 6 సెంటీమీటర్ల పైన తోస్తోంది. నీళ్లు అడుగున ఓ 5 న్యూటన్లతో వెనక్కి లాగుతున్నాయి, అది గరిమనాభికి 6 సెంటీమీటర్ల కింద. రెండూ కలిసి ముక్కుని ఒకే వైపు, కిందికే తిప్పుతున్నాయి. మొత్తం 1.2 న్యూటన్ మీటర్లు. నీళ్లతో కలిపి పడవ బరువు 2 కిలోలు. అంటే వాల్వ్ తెరిచిన క్షణంలో పడవ బరువంతా ఒక్కసారిగా 6 సెంటీమీటర్లు ముందుకి జరిగినట్టు. 80 సెంటీమీటర్ల పడవలో నేను బ్యాటరీని అర సెంటీమీటరు జరపడానికి సాయంత్రమంతా కూర్చునే మనిషిని. 6 సెంటీమీటర్లంటే ఏ పడవైనా మునుగుతుంది.

ప్రొపెల్లర్ పడవలు కట్టే చేతికి ఇది తట్టకపోవడానికి కారణం ఉంది. ప్రొపెల్లర్ ఉండేది అడుగుకి కింద. అది తోస్తే ముక్కు పైకే లేస్తుంది. బరువులు ఎక్కడ పెట్టాలో, ముక్కు ఎంత లేస్తుందో, ఇన్నేళ్ల నా అంచనాలన్నీ కింది నుంచి తోసే బలానికి అలవాటు పడినవి. రాకెట్ పై నుంచి తోస్తోంది. పడవ అదే, అలవాటు తలకిందులైంది.

బాటిల్‌ని డెక్ మీద నుంచి దించి హల్ లోపల పడుకోబెట్టాను. దాని నడుమ సరిగ్గా గరిమనాభి దగ్గర వచ్చేలా జరిపాను, నీళ్లు ఖాళీ అయ్యే కొద్దీ బరువు ముందుకీ వెనక్కీ మారకుండా. నాజిల్‌ని వెనక చెక్కలోంచి 5 సెంటీమీటర్ల ఎత్తులో బయటికి తెచ్చాను. గరిమనాభి కూడా బాటిల్‌తో పాటు దిగి దాదాపు అదే ఎత్తుకి వచ్చింది. ఇక మిగిలింది అడుగున నీళ్ల లాగుడు ఒక్కటే. దానికి విరుగుడుగా నాజిల్‌ మూతిని కాస్త పైకి తిప్పాను. నీళ్లు వెనక్కి, కొంచెం పైకి చిమ్ముతాయి. పడవ వెనక భాగం కిందికి నొక్కుకుని ముక్కు లేస్తుంది.

ఎంత తిప్పాలి? భయం ఇంకా ఉంది కాబట్టి 10 డిగ్రీలు తిప్పాను. 10 డిగ్రీలు వంచినా ముందుకి తోసే బలంలో పోయేది నూటికి ఒకటిన్నర పాలే, నష్టమేముంది అనుకున్నాను. పడవ మొదటి మూడు మీటర్లు అందంగా వెళ్లింది. నీళ్లు అయిపోతూ తేలికయ్యే కొద్దీ ముక్కు లేస్తూ లేస్తూ ఒక ఎత్తు దాటింది, అంతే, కిందికి గాలి దూరింది. పడవ గాలిలోకి లేచి వెల్లకిలా పడింది. 1967 జనవరి 4న ఇంగ్లండ్‌లోని కోనిస్టన్ వాటర్ సరస్సు మీద, నీటి మీద వేగం రికార్డుకి ప్రయత్నిస్తున్న డోనాల్డ్ క్యాంప్‌బెల్ జెట్ పడవ బ్లూబర్డ్ కె7 అలాగే ముక్కెత్తి గాలిలోకి లేచి తిరగబడింది, ఆయన అక్కడే ప్రాణం వదిలారు. ఆ దృశ్యాన్ని చాలాసార్లు చూసి ఉన్నాను. నా చేతిలోని చిన్న పడవ అదే వంపు తిరిగి పడుతుంటే గుండె జారింది. 1978 అక్టోబర్ 8న కెన్ వార్బీ తన చేత్తో కట్టుకున్న జెట్ పడవలో గంటకి 511 కిలోమీటర్లు దాటి క్షేమంగా ఒడ్డుకి వచ్చాడు. నీటి మీద వేగంలో ఆ ప్రపంచ రికార్డు ఇప్పటికీ నిలిచే ఉంది. ఆయన ఒడ్డుకి చేరగలిగాడంటే ముక్కు ఎత్తుని ఎంత సన్నటి గీత మీద నిలబెట్టి ఉంటాడో ఇప్పుడు కొంచెం అర్థమవుతోంది.

లెక్కకి తిరిగి వచ్చాను. నీళ్ల లాగుడుకి విరుగుడు కావలసింది పావు న్యూటన్ మీటరు. నాజిల్ గరిమనాభికి 26 సెంటీమీటర్లు వెనక ఉంది. మూడు నాలుగు డిగ్రీలు చాలు. నేను పెట్టింది 10. నాజిల్ కింద పలుచటి వాషర్లు ఒక్కోటీ తీస్తూ 3 డిగ్రీలకి తెచ్చాను.

అప్పుడు తిన్నగా వెళ్లింది. కానీ వేగం రాలేదు. 80 సెంటీమీటర్ల హల్ నీటిని తోసుకుంటూ పోతే సెకనుకి 1.1 మీటర్ల దగ్గర తన అలలోనే తను ఇరుక్కుంటుంది. అక్కణ్నుంచి నీటి మీదికి ఎక్కి జారడం మొదలుపెట్టాలంటే ఒక గట్టు దాటాలి. నా రాకెట్‌కి ఉన్నదే ఒకటిన్నర సెకను, అందులో సగం ఆ గట్టు ఎక్కడానికే పోతోంది. 1948లో బ్రిటన్‌లో వచ్చిన జెటెక్స్ అనే చిన్న మోటార్లని అప్పటివాళ్లు బొమ్మ విమానాలకీ పడవలకీ కూడా వాడేవారు. వాటి థ్రస్ట్ కొద్దిపాటిదే, కానీ చాలా సెకన్లు నిలిచేది. పడవ స్వభావానికి అదే నప్పుతుంది. నా దగ్గర అంత సమయం లేదు.

కాబట్టి తీసేసిన ఎలక్ట్రిక్ మోటారుని, ప్రొపెల్లర్‌ని మళ్లీ పెట్టాను. ముందు మోటారుతో గట్టు ఎక్కించి, పడవ పూర్తిగా జారుతున్నప్పుడు వాల్వ్ తెరుస్తాను. చుక్కానికి కూడా అప్పటికే నీటి ప్రవాహం అందుతూ ఉంటుంది, దారి తప్పితే సరిదిద్దొచ్చు. ఇది నాకు దొరికిన అన్నిటిలోకీ మంచి మార్పు.

ఇందులోనూ ఒక మెలిక దాక్కుని ఉంది. వాల్వ్ తెరిచిన అర సెకనుకి ముక్కు మళ్లీ కొంచెం దిగడం గమనించాను. మునిగేంత కాదు, కానీ నీటి చిమ్ములు ముందు నుంచి లేస్తున్నాయి. కారణం ఆలోచిస్తే ప్రొపెల్లర్ దగ్గర దొరికింది. రాకెట్ పడవని తోసి ప్రొపెల్లర్ తిరిగే వేగాన్ని దాటిస్తోంది. దాంతో ప్రొపెల్లర్ తోయడం ఆగి, బ్రేకులా వెనక్కి లాగుతోంది. అప్పటిదాకా ముక్కుని ఎత్తి పట్టింది అదే, ఇప్పుడు అదే దించుతోంది. ఎక్కువ పిచ్ ఉన్న, అంటే ఒక్కో చుట్టుకి ఎక్కువ దూరం తోసే, ప్రొపెల్లర్‌కి మారి, నాజిల్‌ని ఇంకో డిగ్రీ ఎత్తాను. 4 డిగ్రీలు. ఇప్పుడు ఆ స్థానం దగ్గర స్క్రూల మీద ఎర్ర రంగు చుక్క పెట్టి ఉంచాను, ఎవరూ కదపకుండా.

నీళ్ల మీద రెండు థర్మోకోల్ బంతుల్ని పది మీటర్ల దూరంలో లంగరేసి, వాటి మధ్య పడవ దాటడానికి ఎన్ని ఫ్రేములు పట్టిందో లెక్కపెడతాను. సెకనుకి 60 ఫ్రేములు. రాకెట్ ఒక్కదానితో నిలకడ నుంచి వదిలినప్పుడు 150 పైచిలుకు. మోటారు ఒక్కదానితో 133. మోటారు మీద జారుతూ వాల్వ్ తెరిస్తే 72, అంటే గంటకి 30 కిలోమీటర్లు. చివరి లెక్కని మా అమ్మాయి వేరేగా లెక్కపెట్టింది, తనకీ 72 వచ్చింది.

ఆ పరుగు తర్వాత పడవని చేతుల్లోకి తీసుకుని హాచ్ తెరిస్తే బాటిల్ నిండా తెల్లటి మంచు పొగ. గాలి ఒక్కసారిగా వ్యాకోచించి చల్లబడటంతో లోపలి తేమ పొగమంచులా మారింది. బాటిల్‌ని తాకితే చల్లగా ఉంది. మా అమ్మాయి దాన్ని రెండు చేతులతో పట్టుకుని, ఆ పొగ నెమ్మదిగా కరిగిపోయేదాకా చూస్తూ నిలబడింది. తర్వాత పంపు గొట్టం నా చేతికిచ్చి, "నాన్నా, ఇంకోసారి" అంది.

ఇప్పుడు రెండో బాటిల్ పక్కన పెట్టడానికి హల్‌లో చోటు కొలుస్తున్నాను. గరిమనాభి ఎత్తు మళ్లీ మారుతుంది, మేకుకి వేలాడదీసే పని మళ్లీ మొదలు.